వేలు పెట్టిన చీమ

“సెరిఫ్ పోయింది!” అని కేక పెట్టారు మాస్టారు.

వంటింట్లోంచి ఆవిడ సీసా, చెంచా పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. “పోలేదండీ, ఇంకా సగం ఉంది.”

“సిరప్ కాదే, సెరిఫ్! అక్షరం కాలి చివర ఉండే చిన్న పాదం. అక్షరాలా ఏడేళ్ళుగా ఈ ఇంట్లో మోగుతున్న మాట. నీ చెవికెక్కదేం?”

“ఎలాగూ తెచ్చాను, తాగేయండి. బలానికి మంచిదన్నాడుగా డాక్టరు.” చెంచా ఆవిడే నోటికందించింది.

మాస్టారు జీవితమంతా అక్షరాలు గీసిన మనిషి. ఎవరైనా ఉచితంగా వాడుకునే, ఎవరైనా దిద్దగలిగే ఫాంటు ఒకటి చేసి పోవాలని ఆయన పంతం. ఫైళ్ళన్నీ నెట్‌లో తెరిచిపెట్టారు. అందులో ఎవరేం మార్చినా పాతది చెరిగిపోదు, తేదీలవారీగా అక్కడే ఉంటుంది. పన్నెండు మంది సాయానికి వచ్చారు. పదకొండు మందికి ముఖాలున్నాయి. పన్నెండో శాల్తీకి మారుపేరొక్కటే: చీమ.

అందరూ చెయ్యి వేస్తుంటే చీమ వేలు పెడుతోంది. పొద్దున మాస్టారు గీస్తారు. భోంచేసి కునుకు తీస్తారు. లేచేసరికి ఆయన గీత మాయం, చీమ పెట్టిన గీత ప్రత్యక్షం. ఎంత వెతికినా దానికి వంక లేదు. అదే ఆయన మంట.

“నా గీతలకే దిక్కు లేదు, ఇక తలరాత సంగతి చెప్పాలా!” అంటూ మౌసు మీద విరుచుకుపడ్డారు. అది గెంతుతోందని ఈ నెలలోనే మూడోది కొన్నారు. ఆ ఇంట్లో అసలు ఎలుకలు కూడా అన్ని లేవు.

ఆ సాయంత్రమే ఫాంటు విడుదల. ఆవిడ గ్లాసులో సగానికే పోసిన టీ బల్ల మీద పెట్టి లోపలికెళ్ళింది. తెర మీద పదకొండు ముఖాలు, చీమ చోట ఎప్పటిలాగే నల్ల గడి.

“చీమ ఉంటే నేనుండను,” అన్నారు మాస్టారు. “నేను గీసినవి గీసినట్టే పోవాలి. లేదా నా పేరు తీసేయండి.”

“అంత మాటనకండి మాస్టారూ,” అన్నాడు తెర మీంచి వాళ్ళలో ఒకడైన ప్రోగ్రామరు. “మీరిప్పుడు గీసినవి అలాగే పంపిస్తే...”

“పంపిస్తే? చెప్పవయ్యా!”

అతను కళ్ళజోడు తీసి తుడుచుకోసాగాడు. మిగతా పదిమందీ తలలు దించుకున్నారు.

మాస్టారు టీ అందుకోబోయారు. కోపానికి ఆ సగమూ ఒలికింది.

“నా అక్షరాలకి నేనే పరాయివాణ్ణయ్యాను.” ఆయన మౌసు పక్కకి నెట్టేశారు. “ఒక్కటీ నాది కాదు. ఏం చెయ్యను? ఆ చీమెవరో కనీసం ముఖమైనా చూపించమనండి.”

నల్ల గడిలో వెలుగొచ్చింది. ముందు తమ వంటింటి అలమర కనిపించింది. తర్వాత సిరప్ సీసా. తర్వాత ఆవిడ.

“నేను ఒక్క గీతా గీయలేదండీ, మీ చెయ్యి వణకడం మొదలవకముందు మీరు గీసినవే పాత ఫైళ్ళలోంచి వెతికి తెచ్చి పెడుతున్నాను.”