ఆయన చెప్పనన్న సమీకరణం

నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో బెంచీ మీద కూర్చుని జానకి కాగితం పర్రున చింపింది.

మార్చిలో కెమిస్ట్రీ తప్పిన పిల్ల పాపం, కాగితం మీద కాక ఇంకెవరి మీద చూపిస్తుంది కోపం!

సెప్టెంబరు పరీక్ష వారంలో ఉంది. ఈసారీ తప్పితే చదువుకు నీళ్లొదులుకుని ఆబిడ్స్‌లో టైపు నేర్చుకోమన్నాడు నాన్న.

"కాగితం ఏం జేసింది బిడ్డా నిన్ను?"

బెంచీ ఆ చివర, గొడుగు పట్టుకుని ఒక పెద్దాయన.

"ఈ సమీకరణాలు చచ్చినా కుదరట్లేదండీ."

ఆయన చిరిగిన ముక్క అందుకుని చూశాడు.

"కుండమార్పిడి పెండ్లిళ్లు ఎరుకేనా? గా ఇంటి పిల్ల గీ ఇంటికి, గీ ఇంటి పిల్ల గా ఇంటికి. గిదీ గంతే. మరి కింది చిన్నంకె ఎందుకు మార్చినవ్?"

"రెండు వైపులా సరిపోవాలని."

"ఇంట్ల మనుషులను తీసేస్తే ఇల్లే మారిపోతది. ఎన్ని ఇండ్లు కావాల్నో గది ముందు రాయి."

జానకి నవ్వేసింది. నవ్వుతూనే రాసింది. కుదిరింది!

అప్పట్నుంచి రోజూ సాయంత్రం అదే బెంచీ. ఆయనెవరో అడగాలని కూడా తోచలేదు, పాసవ్వాలన్న యావలో.

పరీక్ష ముందురోజు అడిగింది. "బాబాయిగారూ, అల్యూమినియం సల్ఫేట్, బేరియం క్లోరైడ్. ఇదొక్కటీ చేసిపెట్టరూ?"

ఆయన గొడుగు తీసుకుని లేచాడు.

"గది నేను చెప్ప. నీకే వస్తది."

"తనకు రాదని చెప్పొచ్చుగా!" గొణిగింది జానకి.

విని కూడా నవ్వి వెళ్లిపోయాడు.

ఆ ఉక్రోషంతో అక్కడే కూర్చుని చేసింది. కొట్టేసి, మళ్లీ చేసి, చివరికి సాధించింది.

తెల్లారి ప్రశ్నపత్రంలో అదే ఉంది.

పాసైంది. మిఠాయి పొట్లంతో బెంచీ దగ్గరికి వెళితే ఆయన లేడు. మళ్లీ ఎప్పుడూ కనిపించలేదు.

ఏళ్లు గడిచాయి. కాలేజీలో కెమిస్ట్రీ డిమాన్‌స్ట్రేటరుగా చేరిన రోజున, స్టాఫ్‌రూం గోడ మీద దండ వేసిన ఫొటో చూసి జానకి ఆగిపోయింది.

"మా రామచందర్ సార్. పోయిన నెలే పోయారు," అంది సీనియర్ లెక్చరర్ ఆగ్నెస్.

జానకికి కళ్లు నిండాయి. ఇన్నాళ్లూ దాచుకున్న నమస్కారం ఫొటోకి పెట్టింది.

"అరవై మూడు సెప్టెంబరులో నేను పి.యు.సి. గట్టెక్కింది ఈయన చలవేనండీ. ఒక్క సమీకరణం మాత్రం ఆయనకీ రాలేదు పాపం."

"రాకపోవడమేంటమ్మా," అంది ఆగ్నెస్, "ఆ సెప్టెంబరు పేపరు తయారు చేసిందే ఆయన."