ఐదు మెగాబైట్ల హద్దు

"ఎన్ని వెనక్కొచ్చాయి?" తలుపు వేస్తూనే అడిగాడు హాల్వార్.

"రెండు," అంది తోర్‌హిల్డ్, తెర మీంచి చూపు తిప్పకుండా.

నౌకలకు నమూనాలు గీసే ఆ కంపెనీకి హాల్వార్ యజమాని. అందులో కంప్యూటర్లు, మెయిళ్లు చూసేది తోర్‌హిల్డ్. ఏడాదిలో మూడు నౌకల నమూనాలు బయటికి పొక్కాయి. మూడుసార్లూ పోటీ కంపెనీ అవే గీతలు ముందుగా చూపించి ఆర్డరు తన్నుకుపోయింది. నాలుగోది కూడా పోతే కంపెనీ మూతే. ఇంటిదొంగ ఎవరో తెలియక హాల్వార్ సగమైపోయాడు.

ఉపాయం తోర్‌హిల్డే చెప్పింది. బయటికెళ్లే మెయిల్‌కు జతచేసే ఫైలు ఐదు మెగాబైట్లు దాటకూడదని, ఎవరికీ చెప్పకుండా హద్దు పెట్టాలి. నౌక నమూనా అంటే ఎంత లేదన్నా ఇరవై ఉంటుంది. పంపబోతే వెనక్కి కొడుతుంది, పంపినవాళ్ల పేరు జాబితాలో పడుతుంది. శుక్రవారం పొద్దున హద్దు పెట్టింది. మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి పేర్లు పడ్డాయి.

"మొదటిది లెక్కల సెక్షన్ గ్రూది. తను చేసిన కేకు ఫొటో, చెల్లెలికి."

"గ్రూ కేకు ఎవడూ దొంగిలించడులే. రెండోది?"

ఆమె జాబితాను మళ్లీ పైనుంచి కిందికి జరిపింది.

"నిన్నే, తోర్‌హిల్డ్."

"ఓడ్‌లైవ్. ఇరవై రెండు మెగాబైట్లు. నాలుగో నౌక. బయటి చిరునామాకు."

హాల్వార్ కుర్చీలో కూలబడ్డాడు. ఓడ్‌లైవ్‌ను ముప్ఫై ఏళ్ల కిందట పనిలో పెట్టుకున్నది హాల్వార్ తండ్రి. ఇంకో రెండేళ్లలో పింఛను తీసుకోవలసిన మనిషి.

"పిలువు," అన్నాడు చివరికి.

ఓడ్‌లైవ్ కోటు వేసుకునే వచ్చాడు. శుక్రవారం భోజనం దాటితే ఆ ఆఫీసులో సగంమంది మనసు, వారాంతాలు గడిపే కొండమీది చెక్క ఇళ్ల దారి పడుతుంది.

"స్కీలు కారు మీద కట్టేశాను. తొందరగా తేల్చండర్రా."

హాల్వార్ జాబితా అతని ముందుకు తోశాడు.

"ఓస్, ఇదా! అది నా సొంత చిరునామానే కదా. ఇంటి కంప్యూటర్లోకి దింపుకుని కొండమీదికి పట్టుకెళ్తా. అక్కడ పొయ్యి పక్కన కూచుంటే బుర్ర బాగా పనిచేస్తుంది. ప్రతి శుక్రవారం పంపుకుంటా, ఇవాళెందుకో వెనక్కొచ్చింది."

"ప్రతి శుక్రవారమా? ఆ మూడు నౌకలు కూడానా?"

ఓడ్‌లైవ్ మొహంలో నవ్వు పోయింది.

"అవి కూడా. హాల్వార్, ఏమిటి నువ్వనేది? మీ నాన్న ఉన్నప్పట్నుంచీ ఉన్నా నేనిక్కడ."

"నాన్నను మధ్యలోకి లాగకు. గీతలు గడప దాటకూడదని నీకు తెలుసు."

"తెలుసు. తప్పే. పని మీద ఇష్టంతో చేసిన తప్పు, దొంగతనం కాదు." అతను తోర్‌హిల్డ్ వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు తల్లీ. ఈస్టరుకి మా చెక్కింటికి వచ్చావుగా. వాఫిల్స్ తింటూ నా బల్ల మీద గీతలు చూశావుగా. నేనక్కడ పనే చేసుకుంటానని చెప్పు."

ఒక్క మాట చాలు, ముసలాయన ఉద్యోగం నిలబడడానికి. హాల్వార్ తోర్‌హిల్డ్‌నే చూస్తున్నాడు.

"చూశావా?"

"వాఫిల్స్ తిన్నాను," అంది నెమ్మదిగా. "గీతలు చూసిన గుర్తు లేదు."

ఓడ్‌లైవ్ ఆమె వంక చూశాడు. తర్వాత ఆఫీసు తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు.

"నీ ఉద్యోగం గురించి నీకూ భయమేలే," అన్నాడు. పాపం, ఆ మాటలో కోపం కూడా లేదు. ఎవరి మొహమూ చూడకుండా వెళ్లిపోయాడు.

హాల్వార్ కిటికీ దగ్గర నిలబడి, కారు మలుపు తిరిగేదాకా చూశాడు.

"నీకెంత కష్టంగా ఉందో నాకు తెలుసు," అన్నాడు. "నువ్వు లేకపోతే దొరికేవాడే కాదు. ఇక ఆ హద్దు తీసెయ్, జాబితాలు కూడా ఆపెయ్. ఇంకొకర్ని అనుమానించే ఓపిక నాకు లేదు."

తోర్‌హిల్డ్ తన గదికి వచ్చి కాసేపు చేతుల్లో మొహం దాచుకుంది. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. కళ్లు తుడుచుకుని హద్దు తీసేసింది. జాబితా కూడా ఆపేసింది.

తర్వాత నాలుగో నౌకను కూడా పోటీ కంపెనీకి పంపింది.