పన్నెండు చీట్లు

“వాచీలు!”

డబ్బాలోంచి తీసిన చీటీ విప్పి బజారు సంఘం అధ్యక్షుడు గట్టిగా చదివాడు. పన్నెండు కొట్లవాళ్ళకీ చేసే పని పేరుతో ఒక్కో చీటీ; ఎవరి చీటీ వస్తే ఆ ఏడాదికి మూల కొట్టు వాళ్ళది. వరసగా నాలుగో ఏడు కూడా బజారులోని మూల కొట్టు వాచీలు బాగుచేసే అతనికే దక్కింది. అతను అధ్యక్షుడికి స్వయానా బావమరిది.

“ఆగండి మాస్టారూ!” బట్టలు కుట్టే ఆవిడ లేచింది. “ఏటా మీ బావమరిదే నక్క తోక తొక్కొస్తున్నాడు. ఆ నక్కనేమైనా మీ ఇంట్లో పెంచుతున్నారా?”

కొట్లవాళ్ళంతా గొల్లుమన్నారు. అధ్యక్షుడు మాత్రం నవ్వలేదు. లెక్కల మాస్టారుగా రిటైరై, బజారులో పుస్తకాల కొట్టు పెట్టి, పెద్దరికం వెలగబెడుతున్న మనిషి. చీటీని నాలుగు ముక్కలుగా చించి బల్ల మీద పడేశాడు. జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని ఆవిడను ఎగాదిగా చూశాడు.

“ఏమిటమ్మా నీ గోల?”

“మెట్ల కింద నా కొట్లో పట్టపగలే లైటు వేసుకోవాలి. కళ్ళు పోతున్నాయి. ఇంకో ఏడాది అక్కడే ఉంటే సూదిలో దారం ఎక్కించలేను. మూల కొట్టుకి రెండు వైపులా వెలుతురు. ఈయనేమో ఎండ పడుతోందని పరదా కట్టుకున్నాడు!”

“చీట్లకి నీ కళ్ళ సంగతి తెలీదు. పోయినేడు ఎవరి పేరొచ్చిందో అదీ తెలీదు. మా బావమరిది పేరే వరసగా నాలుగుసార్లు రావడానికి ఇరవై వేల ఏడువందల ముప్పై ఆరింట్లో ఒక అవకాశం ఉంది. తక్కువే, కానీ సున్నా కాదుగా! కాలానికి అంతం లేదమ్మా. అంతం లేనప్పుడు జరిగిందే మళ్ళీ జరుగుతుంది. కోట్ల ఏళ్ళ తర్వాత నువ్వు ఇదే గదిలో ఇలాగే నోరు పారేసుకుంటావు.”

“అప్పుడూ నేను మెట్ల కిందేనా?”

బావమరిది కిసుక్కున నవ్వాడు. ఆవిడకు ఒళ్ళు మండిపోయింది.

“ఇది మోసం!”

మాస్టారికి కోపం నషాళానికంటింది. “మోసమా? ఏటా ఒకరు వంతులవారీగా చీట్లు రాయడం మన ఆనవాయితీ. ఈసారి వంతు నీదేగా! రాసింది నువ్వు, మడిచింది నువ్వు, డబ్బాలో వేసింది నువ్వు!”

“అయితే మిగిలినవి విప్పించండి.”

“విప్పిస్తా. తేడా ఏమీ లేకపోతే ఉన్న కొట్టు కూడా ఖాళీ చేసి పోవాలి. ఒప్పుకుంటావా?”

“ఒప్పుకుంటా.”

మాస్టారు ధీమాగా డబ్బా బోర్లించాడు. పదకొండు చీట్లు పడ్డాయి. తాళాలు బాగుచేసే తాత ఒకటి విప్పి, “కుట్టు మిషను” అని చదివాడు. రెండోదీ కుట్టు మిషనే. మూడోది విప్పి కళ్ళు నులుముకున్నాడు. గదిలో గుసగుసలు మొదలయ్యాయి. తాత చివరిదాకా విప్పాడు. అన్నీ కుట్టు మిషనే.

“చూశారా దీని తెలివి!” మాస్టారు బల్ల గుద్దాడు. “అన్ని చీట్ల మీదా తన పేరే రాసుకుంది! దొంగ! వెళ్ళు, ఇప్పుడే కొట్టు ఖాళీ చెయ్యి!”

“చేస్తాను మాస్టారూ,” అంది ఆవిడ. ఆయన చించిన నాలుగు ముక్కలనూ బల్ల మీద అంచు కలిపి పేర్చింది. ముక్కలు కలపడం ఆవిడకు రోజూ ఉన్న పనే. “ఈ పన్నెండోదాని మీద కూడా కుట్టు మిషనే ఉంది. మరి మీరు వాచీలని దేన్ని చూసి చదివారు?”