చూసే ఆ ఒక్కడు

“అది వేస్తే ఎవరికీ కనబడమంట కదా, ఆ వీపీఎన్ వెయ్యి,” అంటూ ఆదెయ్య తన ఫోన్‌ను బల్ల మీద పెట్టాడు.

బోగోలులో ఆ చిన్న సెల్ షాపు నడిపే వినీల అతని వైపు, వెనకాల గొడుగు మడుస్తున్న అతని భార్య సుభాషిణి వైపు చూసింది.

“ఎవరికి కనబడకూడదన్నా?”

“మా తమ్ముడు గణేష్‌కి.”

సముద్రం అడుగున రాళ్లుండే చోటొకటి ఆదెయ్యకు తెలుసు. ఆ పక్కన వల దించితే వంజరం చేపలు పడకుండా పోవు. తండ్రి పోతూ పోతూ పెద్దకొడుక్కి మాత్రమే చెప్పిన చోటు అది. ఆ పంతంతోనే అన్నదమ్ములు వలలు పంచుకున్నారు, మాటలు మానుకున్నారు.

“వాడెప్పుడూ సాయంత్రం వలకు పోయేవాడు. ఇప్పుడు పొద్దున్నే నా వెనకాలే వస్తుండాడు. దగ్గరికి రాడు. అంత దూరాన చుక్కలాగా నిలబడుకొని ఉంటాడు. నేను పడవ తిప్పేదాకా కదలడు. నేనొచ్చేసినాక నా చోట్లో వల దించతాడు, దొంగ!”

“దించేది చూసినావా?”

“చూడాల్నా ఏంది, తెలీదా? ఇంకోటి ఇను. ఒకరోజు ఫోన్ ఇంట్లో మరిచిపోయినా. ఆ రోజు వాడు రాలా! అంటే ఈ ఫోనే కదా చెప్తుండేది?” ఆదెయ్య భార్య వైపు బొటనవేలు చూపించాడు. “ఆ రోజు ఈమె ఇంకా ఘోరం. అన్నం కూడా వండకుండా నేనొచ్చేదాకా ఇసకలోనే నిలబడుంది. ఫోన్‌లో దొరక్కపోతే పిచ్చెక్కిపోద్ది ఆడోళ్లకి.”

సుభాషిణి గొడుగును ఇంకోసారి విదిలించి మడిచింది.

“ఒక్కడివే పోతుండావా అన్నా సముద్రంలోకి?” అడిగింది వినీల.

“తోడు ఎవరినన్నా తీసుకుపోతే ఆ చోటు ఊరంతా చెప్పడా?”

“పోయిన నెల పడవలో కళ్లు తిరిగి పడినాడు,” అంది సుభాషిణి. “ఒక్కడివే పోవద్దని డాక్టరు చెప్పినాడు. వింటే కదా.”

“ఎండకు మే అది! నువ్వు చూపించు వినీలా.”

వినీల తన ఫోన్‌లో మూడు వీపీఎన్‌ల బొమ్మలు చూపించింది. “ఈ ఎర్రది ఉచితం.”

“అదే వెయ్యి.”

“ఊరికే ఎందుకిస్తాడన్నా? నువ్వు ఎక్కడెక్కడికి పోతుండావో చూసి అమ్ముకుంటాడు.”

ఆదెయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. “అంటే వీడికి కనబడతానా?”

“ఏ వీపీఎన్ వాడికైనా కనబడతావు. నీ ఫోన్ నుంచి పోయేదంతా వాడి గొట్టంలోంచే పోవాల కదా. అందరికీ కనబడకుండా దాస్తాడు, వాడు మాత్రం చూడగలడు.”

“ఇదెక్కడి చోద్యం! సొంత తమ్ముడికి కనబడకుండా ఉండడానికి ముక్కూ మొహం తెలీనోడికి చూపించాల్నా? ఏ ఊరు వాడిది?”

“ఈ నల్లదానికి ఎవరిదో, ఏ ఊరో చెప్పనే చెప్పరు. ఈ పచ్చదానికి చెప్తారు. నెలనెలా డబ్బు కట్టాల. పోయేదేదీ మేం రాసిపెట్టుకోం అంటారు.”

“ఎవరు చెప్పినారు రాసిపెట్టుకోరని?”

“వాళ్లే.”

“దొంగ కూడా అదే చెప్తాడు!”

“వీళ్లు బయటోళ్లని పిలిపించి తనిఖీ చేయించుకున్నారన్నా.”

“ఆ బయటోళ్లు ఎవరి మనుషులు?”

వినీల నవ్వాపుకుంది. ఆదెయ్య తల గోక్కుంటూ భార్య వైపు తిరిగాడు. “నీకేమన్నా అర్థమయిందా మే?”

“అయింది. అందరి దగ్గరా దాచినా ఒకడికి కనబడక తప్పదు. ఆ ఒకడు మంచోడైతే చాలు.”

“అది సరే కానీ,” అంది వినీల, “వీపీఎన్ నెట్‌లో నువ్వేం చూస్తుండావో దాస్తుంది. పడవ యాడుందో దాయదు. అది వేరే. లొకేషన్ ఎవరికన్నా పోతుందేమో చూస్తా, ఇట్ట ఇయ్యి.”

ఫోన్ కోసం ఆమె చెయ్యి చాపేలోపే సుభాషిణి దాన్ని అందుకుంది. “ఇంటికి పోయి నేను చూస్తాలే. ముందు ఆ పచ్చది వేసేయ్, బస్సు పోతాది.”

“పడవను దాయనప్పుడు ఎందుకక్కా డబ్బు దండగ?”

“ఏదో ఒకటి దాస్తుంది కదా, వెయ్యి!” అన్నాడు ఆదెయ్య. ఏది దాస్తుందో, ఏది దాయదో అతనికి అంతా కలగాపులగమైపోయింది.

వినీల పచ్చది వేసి ఇచ్చింది. “ఇప్పుడు నువ్వు నెట్‌లో నెదర్లాండ్స్‌లో ఉన్నట్టు కనబడతావు.”

“అక్కడ సముద్రముందా?”

“ఉంది.”

“ఉంటే చాల్లే,” అన్నాడు ఆదెయ్య తృప్తిగా.

మర్నాడు తెలతెలవారుతుండగా సుభాషిణి అన్నం డబ్బా, మాత్రలు, ఫోన్ ఒకే కవర్లో చుట్టింది. చుట్టే ముందు రోజూలాగే ఫోన్ మీద రెండుసార్లు వేలితో నొక్కింది.

“నెదర్లాండ్స్ పోయొస్తా మే,” అని నవ్వుతూ ఆదెయ్య పడవెక్కాడు. పడవ అలలు దాటి చిన్నదైంది.

సరుగుడు చెట్ల వెనక నుంచి గణేష్ ఫోన్ చూసుకుంటూ వచ్చాడు.

“కనబడుతుండాడా?” అడిగింది సుభాషిణి.

“ఆఁ వదినా. ఆ చోటికే పోతుండాడు.”

“దూరంగానే ఉండబ్బయ్యా. నిన్ను నేనే పంపిస్తుండానని తెలిస్తే నన్ను ఇంట్లో ఉండనీడు.”

“తెలీదులే.”

గణేష్ నీళ్లలో ఆపి ఉంచిన తన పడవెక్కి మోటారు తిప్పాడు. అన్న పోయిన దిక్కుకే పడవను మళ్లించాడు.

ఆ పడవలో వల లేదు.