మాటల బుడగ

మట్టిపెళ్ళ ఒకటి రివ్వున వచ్చి, రైలు తలుపులో వేలాడుతున్న వెంకటేష్ రొమ్ముకు తగిలి పగిలింది.

కుర్రాడు అదిరిపడి లోపలికి దూకాడు. ఆ మన్నంతా పక్క సీట్లో చంద్రమోహన్ గీస్తున్న బొమ్మ మీద పడింది.

“నీ యబ్బ! ముసిలోనికి పిచ్చి ముదిరిందిరా!” అని అరిచాడు చంద్రమోహన్.

పెనుకొండ దాటిన రైలు మలుపు తిరిగి, ఇనుప వంతెన ఎక్కి దడదడలాడుతూ పోయింది.

చంద్రమోహన్‌ది హిందూపురం. రోజూ పొద్దున్నే ఈ ప్యాసింజర్లో ధర్మవరం పోయి పట్టుచీరల అంచులకు డిజైన్లు గీస్తాడు. అది కడుపు కోసం.

రైల్లో కూర్చుని కామిక్స్ గీస్తాడు. అవి కడుపుమంట కోసం.

ఎవరి మీదైనా ఒళ్ళు మండితే తప్ప అతని పెన్సిల్ కదలదు. బొమ్మలు తిప్పి పంపిన పత్రికలవాళ్ళు, సీటు కోసం కొట్టుకునేవాళ్ళు, అందరూ అతని కథల్లోకి ఎక్కినవాళ్ళే.

ఆ ముసలాయన మాత్రం వెతకని తీగ కాలికి తగిలినట్టు దొరికాడు. వంతెనకు ముందు, పట్టాల పక్కన, తలకు తువ్వాలు చుట్టుకుని, కట్టె ఎత్తి రోజూ రైలు మీద అరుస్తుంటాడు.

రైలు మోతలో ఒక్క మాటా వినపడదు. వినపడకపోతేనేం? నోటి పక్కన బుడగ గీసి, చంద్రమోహనే అందులో మాటలు నింపాడు.

“రైలెక్కిన నా కొడుకుల్లారా, మీ వంశం మీద మన్ను పడ!”

‘కారంపొడి తాత’ అని పేరు పెట్టి ఫోన్లో వదిలాడు. జనం విరగబడి చూశారు. ఆయన అసలు పేరేమిటని ఒక్కడూ అడిగిన పాపాన పోలేదు.

అప్పటి నుంచి కుర్రాళ్ళు తలుపుల్లో వేలాడి, “కారంపొడి తాతా!” అని కేకలు. ఆయన ఇంకా రెచ్చిపోయేవాడు. చంద్రమోహన్‌కు ఇంకో కథ దొరికేది.

“ఇన్నాళ్ళూ తిట్టినాడు, ఊరుకున్నాం. ఇప్పుడు కొడతాండాడు సూడు” అన్నాడు చంద్రమోహన్, మన్ను దులుపుతూ.

“కంప్లెయింట్ ఇద్దాం పాన్నా” అన్నాడు వెంకటేష్, రొమ్ము రుద్దుకుంటూ.

ఇద్దరూ పోయి ఇచ్చారు. సాక్ష్యంగా కామిక్స్ చూపించారు.

పోలీసాయన చదివి నవ్వాడు. “ఏమప్పా, ఈ మాటలు నిజంగా అన్నాడా?”

“అంటాడు సార్. మొగం చూస్తే తెలీదా?”

మర్నాడు పట్టాల పక్కన ఎవరూ లేరు.

చంద్రమోహన్‌కు చిర్రెత్తింది. పెన్సిల్ చెక్కి పెట్టుకుంటే, గీయడానికి మనిషి లేడు!

“తాత యాడన్నా?” వెంకటేష్ తలుపు కడ్డీ పట్టుకుని బయటికి వంగాడు.

“ఆడే యాడో ఉంటాడు. బాగా చూడబ్బా!”

వెంకటేష్ ఇంకా వంగాడు.

“ఆ, గుడిసె కాడ ఉండాడన్నా! పోలీసోళ్ళు పట్టాల కాడికి రావొద్దన్నారు గదా, ఆన్నుంచే అరుస్తాండాడు” అని నవ్వుతూ తల వెనక్కి తిప్పాడు.

వంతెన వచ్చింది.

ఒక్కటే చప్పుడు.

తలుపులో వెంకటేష్ లేడు. మెట్టు మీద అతని చెప్పు ఒక్కటే ఉంది.

ఎవరో గొలుసు లాగారు. రైలు ఆగింది. జనం గోలగోలగా కిందికి దిగి, పట్టాల మీద ఆ కుర్రాడి చుట్టూ చేరారు.

ముసలాయన చేనికి అడ్డంపడి పరుగెత్తుకొస్తున్నాడు. పడుతున్నాడు, లేస్తున్నాడు. అదే కట్టె, అదే కోపం, అదే అరుపు.

“ఇప్పుడు కూడా తిట్టేకే వస్తాండాడు...” అని పళ్ళు కొరికాడు చంద్రమోహన్.

రైలు మోత లేదు కాబట్టి, ఆ మాటలు మొదటిసారి అతని చెవిన పడ్డాయి: “తలకాయలు లోపల పెట్టుకోండి నాయనా! నా కొడుకు ఈ బ్రిడ్జికి తగిలే పోయినాడు నాయనా!”