ఒక్కతే కూతురు

“రాంబాబును కల్లం కాడికి తోలినవా లేదా?”

వెంకటప్పయ్య ఈ మాట అడగడం పొద్దుటి నుంచి ఎన్నోసారో యశోదకే గుర్తు లేదు.

“తోలిన. మిరపకాయలు ఏరుకుంట కూసున్నడు. ఇగ పొద్దుగూకేదాక లేవడు,” అంది లడ్డూలు పళ్ళెంలో సర్దుతూ.

రాంబాబు వాళ్ళ కొడుకు. ఎండబోసిన మిరపకాయల్లో రంగు చెడిన తాలుకాయ ఒక్కటి కనపడితే చాలు, ఏరి పక్కన పడేసేదాకా అతని మనసు నిలవదు. ఎవరి మొహంలోకీ చూడడు. చెయ్యి పట్టుకుంటే అరుస్తాడు. విన్న మాటను విన్నట్టే తిరిగి అంటాడు. చండ్రుగొండ పక్కనున్న ఆ ఊరంతా అతన్ని పిచ్చోడంది. చెల్లెలు శ్యామల మాత్రం ఖమ్మంలో టీచర్ ట్రైనింగ్ చదివే రోజుల్లో పట్టుబట్టి హైదరాబాదు దవాఖానాకు తీసుకుపోయి, దాన్ని ఆటిజం అంటారని తెలుసుకొచ్చింది. పేరు తెలిసినంత మాత్రాన ఊరి నోరు మారుతుందా!

శ్యామలకు అప్పటికే రెండు సంబంధాలు వచ్చాయి. రెండూ రాంబాబును చూసి గడప దగ్గర నుంచే వెనక్కి పోయాయి. అందుకే ఈసారి వెంకటప్పయ్య, తనకు ఒక్కతే కూతురని, ఇంకెవరూ లేరని మధ్యవర్తితో చెప్పించాడు.

“గట్ల చెప్పుడేంది నాయినా? అన్న ఏం తప్పు చేసిండు?” అంది శ్యామల.

“ఈ ఒక్కపూట ఊకో తల్లీ. నీ కాళ్ళు మొక్కుత.”

బూర్గంపాడు నుంచి జీపు వచ్చింది. వాకిట్లోకి రాకుండా వీధి చివర చెట్టు కింద ఆగింది. బండి నడుపుకుంటూ వచ్చిన పెళ్ళికొడుకు చిరంజీవి, అతని తండ్రి బసవపున్నయ్య, తల్లి ప్రమీలారాణి దిగి నడిచి వచ్చారు. కోస్తా నుంచి వచ్చి గోదారి ఒడ్డున పొలాలు కొనుక్కుని స్థిరపడ్డ కుటుంబం వాళ్ళది.

“బండి వాకిట్లకు తెప్పియ్యిండ్రి బావగారూ, గంత దూరమెందుకు?” సంబంధం కుదరకముందే వెంకటప్పయ్య వరస కలిపేశాడు.

“అబ్బే, అక్కడే ఉండనివ్వండి. నీడగా ఉంది,” అన్నాడు బసవపున్నయ్య.

కూర్చున్న కాసేపటికే చిరంజీవి సెల్‌ఫోన్ తీసి, సిగ్నల్ లేదంటూ బయటికి వెళ్ళాడు. అతను తిరిగొచ్చాక, గాలి ఆడడం లేదంటూ తల్లి వెళ్ళింది. ఆమె వచ్చి కూర్చుందో లేదో, మళ్ళీ కొడుకు లేచాడు.

వెంకటప్పయ్య భార్యను వంటింట్లోకి పిలిచాడు. “చూస్తున్నవా? ఒక్కలు సుత కుర్చీల కుదురుగ కూసుంట లేరు. మన ఇల్లు నచ్చలే వీళ్ళకు. జల్దీ పిల్లను పంపియ్యి, లేచిపోయేటట్టున్నరు!”

శ్యామల టీ తెచ్చి ఇచ్చింది. ప్రమీలారాణి ఆమెను ఆప్యాయంగా చూసి, “నీకు తోడబుట్టినవాళ్ళు ఎవరూ లేరా అమ్మా?” అని అడిగింది.

“లేరమ్మా. ఒక్కతే,” అని వెంకటప్పయ్య అందుకున్నాడు.

“మాకూ మావాడొక్కడే,” అన్నాడు బసవపున్నయ్య టీ చప్పరిస్తూ.

శ్యామల పళ్ళెం బల్ల మీద పెట్టేసింది.

“ఉన్నడు. మా అన్న ఉన్నడు. పేరు రాంబాబు. జెర ఆగుండ్రి, పిలుచుకొస్త.”

“అయ్యో నా బిడ్డా!” అంది యశోద. అప్పటికే శ్యామల పెరటి గుమ్మం దాటింది.

రాంబాబు వచ్చాడు. చొక్కా నిండా మిరప దుమ్ము. ఎవరినీ చూడకుండా, రెండు చేతులూ ఆడిస్తూ గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

“చుట్టాలు పోయేదాక ఇంట్లకు రాకు!” అన్నాడు గట్టిగా. అచ్చం వెంకటప్పయ్య గొంతు, అదే విసురు. మళ్ళీ అన్నాడు. “చుట్టాలు పోయేదాక ఇంట్లకు రాకు!”

వెంకటప్పయ్యకు తల కొట్టేసినట్టయింది.

“పొద్దున మా నాయిన చెప్పిన మాట అది,” అంది శ్యామల. “మా అన్నకు కల్పించి చెప్పుడు రాదు. చప్పుడెక్కువైతే చెవులు మూసుకుంటడు. ముట్టుకుంటే భయపడ్తడు. మీరు పలకరిస్తే జవాబియ్యకపోవచ్చు. గంతేగాని పిచ్చోడు కాడు. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే, నేను లేచేదాక మంచం కాడినుంచి కదల్లేదు. మా అన్న అని చెప్పుకునేటందుకు నాకు నామోషీ లేదు, గొప్పగ ఉంటది. పెండ్లయినంక సుత అన్న నా ఇంటికొస్తడు, ముందటర్రలనే కూసుంటడు. ఎవరొచ్చినా దాయను. గిది మీకు ఇష్టమైతేనే ముచ్చట ముందుకు పోనియ్యిండ్రి.”

ఇన్నేళ్ళూ తాను నోరు తెరిచి అనలేకపోయిన మాటను కూతురు నలుగురి ముందూ అనేసింది. సంబంధం పోతుందన్న భయంలోనూ యశోద గుండె గర్వంతో ఉప్పొంగింది.

బసవపున్నయ్య తల దించుకున్నాడు. శ్యామల మాటలు వింటూ బయటి నుంచి వచ్చిన చిరంజీవి గుమ్మంలోనే నిలబడిపోయాడు. ప్రమీలారాణి టీ ముట్టకుండానే లేచింది.

ఇదీ పోయిందనుకున్నాడు వెంకటప్పయ్య. చేతులు జోడించి ఆమెకు అడ్డం వెళ్ళాడు.

“అమ్మా, తప్పు నాది. పిల్లది కాదు. కన్నకొడుకును లేడని చెప్పిన. మీరు పోతే పొండ్రి, నేనేమనను. కానీ నా బిడ్డ బంగారం. ఇద్దరు బిడ్డలూ బంగారమే!”

ప్రమీలారాణి ఆగింది. భర్త వైపు చూసింది. ఆయన తలూపాడు. కొడుకు వైపు చూసింది. అతని కళ్ళు తడిగా ఉన్నాయి. అప్పుడామె శ్యామల దగ్గరికి నడిచి, ఇంట్లోవాళ్ళ అనుమతి కాదు, ఆ పిల్ల అనుమతే కావాలన్నట్టు మెల్లగా అడిగింది.

“జీపులో మా అమ్మాయి ఉంది, తనను కూడా లోపలికి తీసుకురానా?”