పట్టు దొరకని చోటు

“నా భార్య రక్తం తీయడానికి వీల్లేదు!” నర్సు చేతిలో సూది చూడగానే పిల్లాడి తండ్రి అడ్డంగా నిలబడ్డాడు.

డాక్టరమ్మకు చిర్రెత్తుకొచ్చింది. “పన్ను ఊడితే మీవాడికి మూడు రోజులు రక్తం ఆగలేదు. ఈ జబ్బు మామూలుగా తల్లి నుంచే వస్తుంది. ఆవిడ్ని పరీక్షించొద్దంటే ఎలాగండీ?”

“అయితే వాడి జన్యువు పాడైపోయిందా డాక్టర్?” తల్లి ముందుకొచ్చి అడిగింది.

“లేదమ్మా, రక్తం గడ్డకట్టించే జన్యువు నిక్షేపంగా ఉంది. దాన్ని నిద్రలేపాల్సిన ప్రొటీన్లకే పట్టు దొరకడం లేదు.” డాక్టరమ్మ మెడలోని స్టెతస్కోపు గొట్టాన్ని వంచి చూపించింది. “అవి డీఎన్ఏ మీద కూర్చుని దాన్నిలా వంచుతాయి. అప్పుడే దూరంగా ఉన్న స్విచ్చు జన్యువు దగ్గరికొస్తుంది. మీవాడికి అవి కూర్చునే చోట ఒక్క అక్షరం మారింది. అందుకే అది వంగడం లేదు. బెంగపడకండి. ఎదిగేకొద్దీ ఇంకో ప్రొటీన్ వచ్చి ఆ పక్కనే పట్టు చూసుకుంటుంది. మీసాలొచ్చేనాటికి చాలావరకు సర్దుకుంటుంది.”

తల్లి అరచేతులతో కళ్ళు తుడుచుకుంది. ఏదో చెప్పబోయి, నర్సు వంక చూసి ఆగిపోయింది. డాక్టరమ్మ సైగ చేయడంతో నర్సు బయటికెళ్ళింది.

“నా రక్తంలో మీకేమీ దొరకదు డాక్టర్. పది రోజుల పసిగుడ్డుగా మా చేతికొచ్చాడు వాడు.”

తండ్రి తల దించుకున్నాడు. “వాడికి తెలియదండీ. పదకొండేళ్ళుగా గుండెల్లో దాచుకున్నాం. దయచేసి మీ నోట ఆ మాట జారనివ్వకండి.”

“జారదు” అంది డాక్టరమ్మ మెత్తగా.

వార్డులో పిల్లాడు, లోపల రక్తం చేరి వాచిన మోకాలి మీద పుస్తకం ఆనించి బొమ్మ వేసుకుంటున్నాడు.

“నాకెప్పుడు తగ్గుతుంది డాక్టరాంటీ?”

“నీకు మీసాలొచ్చేనాటికి.”

వాడు పై పెదవి తడుముకుని నవ్వాడు. తలుపు వైపు ఓసారి చూసి, దగ్గరికి రమ్మని వేలితో పిలిచాడు. ఆమె వంగింది.

“అమ్మ రక్తం తీస్తారని నర్సక్క చెప్పింది. తీయకండి.”

“ఎందుకురా? అమ్మకు నొప్పెడుతుందనా?”

“కాదు. అమ్మ నన్ను కనలేదు కదా... ఆ సంగతి నాకు తెలుసని మాత్రం చెప్పకండి, ఏడుస్తుంది.”